హాలియా పిల్లగాడి నవల

హాలియా చుట్టుపక్కల భూమి తగాదా పడ్డవాళ్లకు ఫసలీ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. పాత పహాణీ నకలు తీసుకుంటే పైన ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది. మా నాయిన రైసు మిల్లులో గుమస్తా. ఊళ్లోవాళ్ల కాగితాలు చదివిపెట్టే పని కూడా ఆయన మీదే పడేది. ఆ కూడిక నాకు అరుగు మీద కూర్చోబెట్టి ఆయనే నేర్పాడు. తర్వాత చరిత్ర చదువుకుని, కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరాను. నాలాంటివాళ్ల గురించి మా గడ్డ మీద కాగితాలు ఏమన్నా చెప్తాయా అని వెతకడం మొదలుపెట్టినప్పుడు ఆ కూడికే పనికొచ్చింది. దొరికింది ఫసలీ 1329. అంటే 1919.

నాలాంటివాళ్లంటే మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు. ఈ సంగతి నాకు పదో తరగతిలోనే తెలుసు. ఇంట్లో చెప్పడానికి మాత్రం సగం జీవితం పట్టింది.

ఆ 1919 కాగితం కథ కాదు, పాట కాదు. పోలీసు చట్టం. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో వచ్చిన యూనక్స్ యాక్ట్. బ్రిటిషువాళ్లు 1871లో చేసిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్‌లో హిజ్రాల మీద పెట్టిన భాగమే దీనికి మాతృక. దీని ప్రకారం సర్కారు ఒక రిజిస్టరు పెట్టాలి. మగపిల్లల్ని ఎత్తుకుపోతారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవాళ్ల పేర్లు, వాళ్ల చిరునామాలు అందులో ఎక్కించాలి. అనుమానం ఉంటే చాలు. అలా పేరెక్కిన మనిషి చీర కట్టుకుని, నగ పెట్టుకుని బజారులో కనిపించినా, వీధిలో పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు. ఇంకో సెక్షను కూడా ఉంది. రిజిస్టరులో ఉన్న మనిషి 16 ఏళ్లలోపు మగపిల్లవాణ్ణి తన ఇంట్లో ఉంచుకుంటే దానికీ రెండేళ్లు.

ఈ చివరి సెక్షను నన్ను చాలాకాలం వెంటాడింది. ఇంట్లో తన్ని తరిమేసిన పిల్లగాడు ఎక్కడికి పోతాడు? నడక తేడాగా ఉందనో, గొంతు సన్నగా ఉందనో, ఇంకో పిల్లగాడితో పట్టుబడ్డాడనో గడప దాటించిన పిల్లగాడికి చుట్టాలిల్లు ఉండదు, స్నేహితుడిల్లు ఉండదు. అన్నం పెట్టి, పక్క చూపించే ఇల్లు హిజ్రాలదే. ఆ ఒక్క ఇంటి తలుపు తెరవడం కూడా నేరమని 1919లో రాసిపెట్టారు. పిల్లల రక్షణ పేరుతో వచ్చిన సెక్షను, అలాంటి పిల్లగాడికి మిగిలిన ఆఖరి దిక్కును కూడా తీసేసింది. చట్టం పేరుకు హిజ్రాల మీదే గాని, దాని నీడ అంతకంటే పెద్దది.

దక్కనులో ముందునుంచీ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. ఆసఫ్‌జాహీలకు మొదట రాజధాని అయిన ఔరంగాబాద్‌లో 18వ శతాబ్దంలో సిరాజ్ అనే సూఫీ కవి ఉండేవాడు. ఒక యువకుడి మీద తనకున్న ప్రేమ గురించి 'బోస్తాన్-ఎ-ఖయాల్' అనే మస్నవీ రాశాడు. రాసినందుకు ఆయన్ని ఎవరూ రిజిస్టరుకెక్కించలేదు. ఆయన ఇప్పటికీ ఉర్దూ సాహిత్యంలో పెద్ద పేరే.

యూనక్స్ యాక్ట్ రావడానికి ముందటేడు, 1918లో, నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం పుట్టింది. నా జిల్లా చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచే 'నీలగిరి' పత్రిక తెచ్చాడు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టాడు. 1931లో రెండో ఆంధ్ర మహాసభ మా పక్క దేవరకొండలోనే జరిగింది, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షుడు. నలుగురు కూడి సభ పెట్టుకోవాలంటే సర్కారు ఇజాజత్ కావలసిన రోజులవి. ఆ రోజుల్లో మా జిల్లావాళ్లు పుస్తకాలు మోసుకుని ఊళ్లు తిరిగారు. చదువు వస్తే మనిషికి నోరు వస్తుందని నమ్మారు. ఆ నమ్మకమే తర్వాత వెట్టి మీద తిరగబడింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో నల్లగొండ పేరు లేని పేజీ లేదు.

పోరాటం అయ్యాక చేసినవాళ్లు రాశారు. రావి నారాయణరెడ్డి రాశాడు, ఇంకెందరో రాశారు. ఆ రాతల్లో ఆడవాళ్లు అన్నం వండినవాళ్లుగా, కబుర్లు మోసినవాళ్లుగానే ఎక్కువ కనిపించారు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూరు తిరిగి, పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోనే 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. ఆ పుస్తకం చదివాక నేను చరిత్ర పాఠం చెప్పే తీరే మారిపోయింది. అదే పోరాటం, అవే ఊళ్లు, కానీ అంతకుముందు వినని గొంతులు. ఒక మనిషి రాసుకున్న చోట లేకపోతే అసలు లేనట్టే లెక్క అని నాకు అప్పుడు తెలిసింది. ఆ లెక్కన మగవాణ్ణి ప్రేమించిన మగపిల్లగాడు నల్లగొండలో ఎన్నడూ పుట్టలేదు.

పుట్టాడు. నేను చూశాను, నేనే ఒకణ్ణి.

మా చిన్నప్పుడు హాలియా చుట్టుపక్కల ఊళ్లలో ఎండాకాలం చిరుతల రామాయణం ఆడేవాళ్లు. యాసంగి పనులు ఒడిశాక పంతులు ఊళ్లోకి దిగేవాడు. నెలల తరబడి రాత్రిపూట చిరుతలు పట్టించి అడుగులు, దరువులు నేర్పేవాడు. ఆటలో అందరూ మగవాళ్లే. సీత ఎవరన్నది మొదటి వారంలోనే తేలిపోయేది. ఇంకా మీసం రాని, గొంతు పగలని పిల్లగాణ్ణి పంతులు చూపుడువేలితో పిలిచేవాడు. ఒక ఏడు ఆ వేలు నా వైపు తిరిగింది.

ఆట రోజు సాయంత్రం బడి వరండాలో కూర్చోబెట్టి ముఖానికి అర్దళం పూశారు. తడి ఆరేకొద్దీ చెంపలు బిగుసుకుపోయి నవ్వు రాదు. అమ్మ పట్టుచీర నడుము దగ్గర తాడు బిగించి కట్టారు, జారిపోకుండా. సవరం పెట్టి, గిల్టు వడ్డాణం పెట్టి, పంతులు రెండడుగులు వెనక్కి జరిగి చూసి, "సీతమ్మ తల్లే దిగొచ్చినట్టున్నది రా" అన్నాడు. ఆ రాత్రి పెట్రోమాక్స్ వెలుగులో ఊరు ఊరంతా నాకు దండం పెట్టింది. ముసలవ్వలు వచ్చి చీర కొంగుకు రూపాయి నోట్లు పిన్నీసుతో గుచ్చారు. రోజూ బడి దారిలో నా నడకను చూసి ఏడిపించే పోరగాళ్లు కూడా చాప మీద కూర్చుని నోరు తెరుచుకుని చూశారు. నా నడక ఆ ఒక్క రాత్రి తప్పు కాలేదు. పట్టాభిషేకం అయింది, తెల్లారింది, అమ్మ కొబ్బరినూనెతో రంగు తుడిచింది. రెండు రోజులు ఆగి బడికి పోతే అదే దారి, అవే ఎకసెక్కాలు. వాటికి 'సీతమ్మ' అన్న పేరు కూడా తోడయింది.

ఆడవేషం వేసినవాళ్లంతా నాలాంటివాళ్లని నేను అనడం లేదు. బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు సత్యభామ, మధురవాణి, రోషనార వేషాలతో తెలుగునాడంతా ఊపి 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మకు భామ వేషమే పేరు తెచ్చింది, 1970లో పద్మశ్రీ తెచ్చింది. అది విద్య. ఏళ్ల సాధన. నేను చెప్పేది ఊరి గురించి. మగపిల్లగాడిలో మెత్తదనం వేదిక మీద ఉంటే మన ఊరు దానికి హారతి పడుతుంది. వేదిక దిగితే రాళ్లు వేస్తుంది.

జాతరల్లోనూ ఇంతే. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జడల రామలింగేశ్వరస్వామి జాతరకు శివసత్తులు వస్తారు. వాళ్లలో చీర కట్టి, పసుపు రాసుకుని, జడలు విరబోసుకున్న మగవాళ్లూ ఉంటారు. శ్రీరామనవమి నాడు వేములవాడ రాజన్న గుడిలో సీతారాముల కల్యాణం జరుగుతుంటే శివసత్తులు, జోగినులు, హిజ్రాలు తలంబ్రాలు పోసుకుని శివుణ్ణే పెండ్లాడుతారు. చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది, నాకూ అంతే. మన సంస్కృతిలో ఇలాంటివాళ్లకు ఎప్పుడూ చోటుందని సభల్లో చెప్పేవాళ్లు ఈ ఉదాహరణలే చూపిస్తారు. సగం నిజమే. దేవుణ్ణి పెండ్లాడే చోటు ఉంది. పక్క వీధి పిల్లగాణ్ణి ఇష్టపడి, వాడికి ఉత్తరం రాసి, కొట్లాడి, మళ్లీ కలిసి, ఇద్దరూ చదువుకుని ఉద్యోగం చేసుకుని ఒక ఇంట్లో ఉండే చోటు మాత్రం మన ఆచారంలో ఎక్కడా లేదు. పూనకం వచ్చినంతసేపే గౌరవం దక్కితే ఆ మనిషి మిగిలిన దినమంతా ఎట్లా బతకాలి?

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. ఎడమ కాల్వ నీళ్లతో మా దిక్కు మెట్ట భూములు మాగాణులయ్యాయి. నల్లగొండ, సాగర్, మిర్యాలగూడ, దేవరకొండ దారులు కలిసే చోటు కావడంతో హాలియా ఊరు బజారయింది. ఎరువుల దుకాణాలు, రైసు మిల్లులు, ట్రాక్టర్ల షెడ్లు వచ్చాయి. వాటితోపాటు నా జీవితానికి ముఖ్యమైన దుకాణం ఒకటి వచ్చింది. బస్టాండు దగ్గర నవలలు అద్దెకిచ్చే చిన్న డబ్బా కొట్టు. నవలకు పది రూపాయలు డిపాజిట్, రోజుకు అర్ధరూపాయి అద్దె. అట్టలు ఊడిపోతే గోధుమరంగు కాగితం అంటించి పేరు స్కెచ్ పెన్నుతో రాసేవాడు. యద్దనపూడి, యండమూరి, మల్లాది, మధుబాబు... నేను అందులో ఉన్నవన్నీ చదివాను. ఒక్కో నవలలో అబ్బాయి అమ్మాయిని మొదటిసారి చూసే పేజీ దగ్గర ఆగి, అమ్మాయి పేరు చోట మనసులో ఇంకో పేరు పెట్టుకుని చదివేవాణ్ణి. అది నాకు ఎవరూ నేర్పలేదు. నా వయసు గే మగవాళ్లు చాలామంది ఇదే చేశారని తర్వాత హైదరాబాదులో కలిసినప్పుడు చెప్పారు.

అదే కొట్టులో 'స్వాతి' వారపత్రిక పాత సంచికలు ఉండేవి. విజయవాడ డాక్టరు సమరం అందులో పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాసేవాడు. ఊరివాళ్లు ఆ పేజీని దొంగచాటుగా చదివేవాళ్లు. నేనూ చదివాను. నాకు కావలసింది వేరు. ప్రశ్న అడిగినవాళ్లలో నాలాంటివాడు ఒక్కడైనా ఉన్నాడా, వాడి వయసెంత, వాడు ఏం చేయాలనుకుంటున్నాడు అని వెతికేవాణ్ణి. ఒక పిల్లగాడికి తన జీవితం రోగమా కాదా అన్న ప్రశ్నగా మాత్రమే అచ్చులో దొరికిందంటే ఆ భాషలో కథ చెప్పేవాళ్లంతా ఏం చేస్తున్నట్టు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి తీసేసింది. నేను అప్పటికి బడిపిల్లగాణ్ణి. ఆ వార్త హాలియా బస్టాండుకు చేరలేదు.

ఇంటర్మీడియెట్‌కు నల్లగొండలో గది తీసుకున్నాం, ఇద్దరం. వాడి పేరు ఇక్కడ రాయను. సెలవులకు ఒకే బస్సులో వచ్చేవాళ్లం. కాల్వగట్టు మీద ఒకే సైకిలు మీద తిరిగేవాళ్లం. ఏమనుకున్నామో, ఏం మాట్లాడుకున్నామో మాకే సరిగా తెలియదు, ఎందుకంటే అలాంటి మాటలు మాట్లాడుకున్న ఇద్దరు మనుషుల్ని మేము ఏ పుస్తకంలోనూ, ఏ సినిమాలోనూ చూడలేదు. సినిమాల్లో మాకు కనిపించింది చేతులు తిప్పుతూ మాట్లాడి హీరోతో తన్నులు తినే పాత్ర. హాలంతా పగలబడి నవ్వుతుంటే మేమిద్దరం కూడా నవ్వాం, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా. డిగ్రీ కాగానే వాడికి పెండ్లి కుదిర్చారు. పందిరి వేసినవాళ్లలో నేనున్నాను. రాత్రి బారాత్‌లో అందరితో కలిసి ఆడాను.

మేము పుట్టకముందే, 1969లో, జాన్ డోనవన్ అనే అమెరికా రచయిత సరిగ్గా ఇలాంటి పిల్లగాడి మీద నవల రాశాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 'ఐ విల్ గెట్ దేర్. ఇట్ బెటర్ బి వర్త్ ద ట్రిప్' దాని పేరు. హార్పర్ అండ్ రో ప్రచురించింది. పిల్లల కోసం వచ్చిన నవలల్లో ఈ సంగతి ముట్టుకున్న మొదటిది ఇదేనని అంటారు. 13 ఏళ్ల డేవీకి పెంచిన అమ్మమ్మ చనిపోతుంది. తాగుడు అలవాటున్న తల్లి దగ్గరకు న్యూయార్క్ వస్తాడు. వాడికి ఫ్రెడ్ అనే పొట్టికాళ్ల కుక్క ప్రాణం. బడిలో ఆల్ట్‌షూలర్ అనే పిల్లగాడితో స్నేహం కుదురుతుంది, ఒకరోజు ముద్దు పెట్టుకుంటారు. తర్వాత కుక్క కారు కింద పడి చచ్చిపోతుంది. తాను చేసిన పనికి అది శిక్ష అని డేవీ నమ్ముతాడు.

ఆ కుక్క చావు నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇలాంటి నవలల్లో ఎవరో ఒకరు కారు ప్రమాదంలోనో ఇంకోలాగో చావడం రివాజయింది. అయినా ఆ పుస్తకం ముందు నేను తల వంచుతాను. 1969లో మా దగ్గర పిల్లలు బడులు బందు పెట్టి జై తెలంగాణ అంటూ రోడ్లెక్కారు. ఆ ఏడే భూమికి అవతలి పక్క ఒక రచయిత 13 ఏళ్ల పిల్లగాడి భయాన్ని పట్టించుకుని నవలగా రాశాడు, ఒక పేరున్న సంస్థ దాన్ని పిల్లల పుస్తకంగా అచ్చేసింది. అంతకుముందు అలాంటి పిల్లగాడికి తన పుస్తకం లేదు. ఆ రోజు నుంచి ఉంది.

1982లో నాన్సీ గార్డెన్ 'ఆనీ ఆన్ మై మైండ్' రాసింది. ఇద్దరు అమ్మాయిల ప్రేమ, చివర్లో ఎవరూ చావరు. 1993లో కాన్సస్ సిటీలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. అక్కడికి దగ్గర్లోని ఓలేథా విద్యాశాఖవాళ్లు బడి లైబ్రరీల నుంచి తీసేశారు. విద్యార్థులూ తల్లిదండ్రులూ కోర్టుకెక్కారు. 1995లో ఫెడరల్ జడ్జి పుస్తకాన్ని తిరిగి అల్మారాలో పెట్టమన్నాడు. ఒక్క నవల కోసం పిల్లలు కోర్టుకు పోయారంటే, దాని వల్ల వాళ్లకు ఏం దక్కిందో ఆలోచించండి.

మన దేశంలో 2014లో ఇంగ్లీషులో రెండు వచ్చాయి. హిమాంజలి శంకర్ 'టాకింగ్ ఆఫ్ ముస్కాన్', పాయల్ ధర్ 'స్లైట్లీ బర్న్ట్'. రెండూ బడి వయసు పిల్లల కోసం రాసినవే. కన్నడంలో 2013లో వసుధేంద్ర 'మోహనస్వామి' కథలు రాశాడు. ఆయన ఊరు సండూరు, బళ్లారి జిల్లా, తెలుగు వినపడే నేల. సైకిలు తొక్కడం చేతగాక నవ్వులపాలయ్యే మోహనస్వామి నాకు సొంత మేనల్లుడంత దగ్గరగా అనిపించాడు. ఆ కథలు తెలుగులోకి కూడా అనువాదమయ్యాయి. తమిళనాడులో పుట్టిన రేవతి ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇవన్నీ పక్క భాషల పుణ్యం. పదో తరగతి చదివే తెలుగు పిల్లగాడి చేతికి, వాడి యాసలో, వాడి ఊరి కథగా ఇచ్చే నవల కోసం నేను ఇప్పటికీ చెయ్యి చాచే ఉన్నాను.

కోర్టుల సంగతి పేపర్లలో వచ్చిందే, కాబట్టి ఎక్కువ చెప్పను. భారత శిక్షాస్మృతి హైదరాబాద్ రాష్ట్రానికి 1951లో వర్తించింది, దాంతో మాలాంటివాళ్ల ప్రేమను నేరం చేసే 377వ సెక్షనూ వచ్చింది. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఆ ముల్లు తీసింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు మళ్లీ గుచ్చింది. అదే 2013 ఫిబ్రవరిలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద మొదటి క్వీర్ ప్రైడ్ నడక జరిగింది. నేను పోలేదు, ఫొటోలో పడతానని భయం. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా ఇద్దరు పెద్దల ఇష్టం నేరం కాదంది.

ఆ రోజు స్టాఫ్‌రూంలో ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. అమ్మకు చెప్పేయాలని ఆ వారమే అనుకున్నాను. ఎనిమిది రోజులకు, సెప్టెంబరు 14న, మాకు దగ్గరి పట్నం మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆస్పత్రి బయట భార్య కళ్ల ముందే నరికారు. దళితుడై ఉండి పై కులం అమ్మాయిని పెండ్లాడాడని చేయించిన హత్య. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, మిగిలినవాళ్లకు యావజ్జీవం వేసింది. ఆ సెప్టెంబరులో మాత్రం మా దిక్కు ఇళ్లలో ఒకటే మాట: ప్రేమ గీమ అంటే గిట్లనే అయితది. మగా ఆడా, చట్టప్రకారం పెండ్లి చేసుకున్నవాళ్లకే ఈ గతి పడితే హాలియాలో ఒక మగపిల్లగాడు ఇంకో మగపిల్లగాడి పేరు ఇంట్లో ఎట్లా ఎత్తుతాడు? మా ప్రాంతంలో కులం పరువూ ఈ భయమూ వేరు వేరు కావు. పెండ్లి ఎవరితో అన్నది ఇంటి పెద్దల చేతిలో ఉన్నంతకాలం రెండూ ఒకటే తాడు.

అమ్మకు ఆ తర్వాత చెప్పాను. వడ్లు ఎండబోసిన వాకిట్లో, కాకుల్ని తోలుతూ కూర్చున్నప్పుడు. చాలాసేపు మాట్లాడలేదు. కోప్పడలేదు, ఏడవలేదు. చివరికి అడిగింది, "మరి నాకేమన్న అయితే నిన్ను ఎవరు జూస్తరు బిడ్డా?" ఈ ప్రశ్నకు కోర్టుల్లో ఇంకా జవాబు రాలేదు. హైదరాబాదులో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తమ పెండ్లిని చట్టం గుర్తించాలని 2022లో సుప్రీంకోర్టుకు పోయారు. 2023 అక్టోబరు 17న కోర్టు అది పార్లమెంటు పని అంది.

అదే 2023లో, జూలైలో, ఇంకో తీర్పు వచ్చింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు ఫసలీ 1329 నాటి యూనక్స్ యాక్ట్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నిజాం పోయాక, హైదరాబాద్ రాష్ట్రం పోయాక, ఉమ్మడి రాష్ట్రం పోయాక కూడా ఆ చట్టం మన పుస్తకాల్లోనే ఉంది. నూట నాలుగేళ్లు. మా గ్రంథాలయ ఉద్యమం నాటి సంస్థలు ఎన్నో మూతపడ్డాయి గాని దానికి పక్కనే పుట్టిన రిజిస్టరు చట్టం మాత్రం అంతకాలం నిలిచింది.

రిజిస్టరు పోయింది. ఆ ఖాళీ పేజీలో ఇప్పుడు ఏం రాయాలన్నదే నా ఆరాటం. మా కాలేజీలో ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో పిల్లలు నాకు కనిపిస్తారు. వెనక బెంచీలో కూర్చుని, అందరికంటే ముందు నవ్వి, నవ్వులో కలిసిపోయి బతికే పిల్లలు. వాళ్ల ఫోనుల్లో ప్రపంచమంతా ఉంది, నాకున్నంత ఒంటరితనం లేదు. కానీ ఆ ప్రపంచం ఇంగ్లీషులోనో కొరియన్‌లోనో మాట్లాడుతుంది. అందులో వడ్ల కల్లం ఉండదు, మార్కెట్ యార్డు ఉండదు, అప్పు తెచ్చి అక్క పెండ్లి చేసిన ఇల్లు ఉండదు. అన్నకు తెలిస్తే ఏమవుతుందన్న భయం అందులో ఇంకో రకంగా ఉంటుంది. ఫోనులోని పిల్లగాడు ఇల్లు వదిలి పట్నం పోతే కథ అయిపోతుంది. మా పిల్లగాడు దసరాకు ఇంటికి రావాలి, జమ్మి చెట్టు దగ్గర అందరికీ ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవాలి, మేనమామ 'పిల్లను చూసిన్నం' అంటే ఏదో ఒకటి చెప్పాలి. ఆ చెప్పే మాటలో నవల ఉంది.

అందులో కుక్క చావొద్దు. పిల్లగాడూ చావొద్దు. వాణ్ణి దేవుణ్ణి చేయొద్దు, జాతరకు పంపొద్దు. వాడు పరీక్ష తప్పొచ్చు, స్నేహితుడితో కొట్లాడొచ్చు, అమ్మ మీద అలగొచ్చు. మా దాశరథి రంగాచార్య దొరల గడీల్లో నోరు లేని మనుషుల్ని నవలల్లోకి తెచ్చాడు. తెలంగాణ రచయితలకు నోరు లేనివాళ్ల కథ రాయడం కొత్త కాదు, అందుకే ధైర్యంగా అడుగుతున్నాను.

గ్రంథాలయాలవాళ్లకూ ఒక మాట. హాలియా 2018లో మున్సిపాలిటీ అయింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మేము కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పోటీ పరీక్షల పుస్తకాలు కొనండి, తప్పకుండా కొనండి, మా పిల్లలకు ఉద్యోగాలు కావాలి. వాటి పక్కన 'మోహనస్వామి', 'ఒక హిజ్రా ఆత్మకథ' కూడా పెట్టండి. ఎవరో ఒక పిల్లగాడు అల్మారా మూలకు నిలబడి చదువుకుంటాడు, పేరు రాయించుకుని ఇంటికి తీసుకుపోలేడు. వాణ్ణి ఏమీ అడగొద్దు.

నవల రాయాలనుకునేవాళ్లు హాలియా రండి. నాకు తెలిసినదంతా చెప్తాను.